ఏకు నుంచి మేకు దాకా: సామెతల పుట్టుక మీద పుస్తకం సొంతంగా వేసి అమ్ముకోవడం ఎలా

“ఏకులా వచ్చి మేకులా కూర్చున్నాడు” అని అననివాళ్లు మనలో తక్కువ. ఏకు అంటే ఏమిటని అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖాదీకి నూలు వడికే ఇళ్లకు వెళ్తే ఏకు కనిపిస్తుంది. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, గింజ తీసి, ఏకి, మెత్తటి చుట్టలా చేస్తారు. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు, కాస్త నొక్కితే నలిగిపోతుంది. మేకు సంగతి చెప్పక్కర్లేదు, గోడలో దిగాక ఊడి రాదు. రెండూ పక్కపక్కన పెడితే సామెత దానంతట అదే విప్పుకుంటుంది.

చదివేవాళ్ల నోటి నుంచి “ఓహో, ఇదా!” అనే మాట రావాలి. ఇలాంటి పుస్తకాన్ని అమ్మిపెట్టేది ఆ మాటే. ఆ “ఓహో” తప్పుడు కథ మీద వచ్చిందని తర్వాత తెలిస్తే పుస్తకం పరువు ఆ రోజుతో పోతుంది. అందుకే నా దృష్టిలో అచ్చు, ఫాంట్లు, ప్రచారం అన్నీ తర్వాత సంగతి. ముందు ఆధారం. సామెతల మీద ఓ పుస్తకం సొంత ఖర్చుతో వేసుకుని, చేతులు కాల్చుకుని, ఆకులు కూడా పట్టుకున్న అనుభవంతో రాస్తున్నాను.

1. ఏవి తీసుకోవాలి

“తెలుగు సామెతలన్నీ” అనే పుస్తకం జోలికి పోకండి. కెప్టెన్ కార్ అనే దొర 1868లోనే మద్రాసులో ఆంధ్ర లోకోక్తి చంద్రిక పేరుతో రెండు వేలకు పైగా సామెతలు అచ్చు వేయించాడు. ఆ తర్వాత సంకలనాలు చాలా వచ్చాయి. మీరు పోగు చేయడానికి కాదు, విప్పి చెప్పడానికి కూర్చున్నారు. కాబట్టి ఒక దారం పట్టుకోండి: పాత నాణేలు, కొలతల మీద పుట్టినవి, పురాణ పాత్రల నుంచి వచ్చినవి, నేత, కుమ్మరం, వ్యవసాయం లాంటి పనుల్లోంచి వచ్చినవి, లేదా మీ జిల్లాలో మాత్రమే వినిపించేవి. నూరు, నూటయాభై మించితే చదివేవాళ్లకూ, మీకూ విసుగే.

సామెత వేరు, జాతీయం వేరు అని మొదటి పేజీల్లోనే ఒక మాట చెప్పి వదిలేయండి. “ఇంట గెలిచి రచ్చ గెలువు” పూర్తి వాక్యం, దానికదే నిలబడుతుంది. “గుండెల్లో రైళ్లు పరుగెత్తడం” వాక్యంలో ఇమిడే ముక్క. పాఠకుడికి రెండూ కావాలి. కాకపోతే అట్ట మీద సామెతలని వేసి లోపలంతా జాతీయాలే పెడితే తెలుగు మాస్టార్లు ఊరుకోరు.

2. పుట్టుక తేల్చడం

పనంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి. నేను ప్రతి మాటకూ మూడు గుర్తుల్లో ఒకటి వేసుకున్నాను: “పక్కా”, “చెప్పుకుంటారు”, “నా ఊహ”. ఈ గుర్తులు నోటుపుస్తకంలోనే ఉండిపోకూడదు, అచ్చులో కూడా కనిపించాలి.

పక్కా అంటే గ్రంథంలోనో, చరిత్రలోనో వేలు పెట్టి చూపించగలిగేది. “అగస్త్య భ్రాత” అంటాం కదా, పెద్దవాళ్ల చుట్టరికం తప్ప సొంత పేరు లేనివాణ్ని. వాల్మీకి రామాయణం అరణ్యకాండలో రాముడు అగస్త్యుడి ఆశ్రమానికి వెళ్తూ దారిలో ఆయన తమ్ముడి ఆశ్రమంలో ఆగుతాడు. వాల్మీకి ఆ తమ్ముణ్ని అగస్త్య భ్రాత అనే అంటాడు తప్ప పేరు చెప్పడు. ఇక దీనికి వాదన లేదు.

“పదహారణాల తెలుగు అమ్మాయి” కూడా పక్కా కిందకే వస్తుంది. రూపాయికి పదహారు అణాలు. ఒక్క అణా తగ్గినా రూపాయి కాదు, కాబట్టి పదహారణాలంటే నూటికి నూరు పాళ్లు. నైజాం రాజ్యపు సొంత నాణెం హాలీ సిక్కాలోనూ రూపాయికి పదహారణాలే కనుక ఆ మాట ఇటు తెలంగాణలోనూ అటు కోస్తాలోనూ ఒకేలా అర్థమైంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి అణాలు పోయాయి, మాట మాత్రం మిగిలింది. అణా చేత్తో పట్టుకోని పిల్లలు కూడా ఇవాళ అంటున్నారు. ఒక వస్తువు పోయి దాని పేరు మాటలో మిగిలిన చోట ఎప్పుడూ మంచి కథ ఉంటుంది. చిల్లిగవ్వ, ఏకు, చాంతాడు అలాంటివే.

మాట వయసు పట్టడానికి కూడా ఇదే కిటుకు. గుండెల్లో రైళ్లు పరుగెత్తాలంటే ముందు నేల మీద పరుగెత్తాలి. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి థానే వెళ్లింది. అంటే ఈ జాతీయం అంతకన్నా పాతది అయ్యే వీల్లేదు. ఎవరైనా దాన్ని కృష్ణదేవరాయల కాలానికి ముడిపెడితే నవ్వి ఊరుకోండి. కార్ పుస్తకం కూడా ఇలాగే పనికొస్తుంది. ఒక సామెత అందులో ఉంటే అది 1868 నాటికే వాడుకలో ఉన్నట్టు. లేకపోతే మాత్రం కొత్తదని తేల్చేయకూడదు, ఆయన చెవిన పడకపోయి ఉండవచ్చు.

ఇప్పుడు “చెప్పుకుంటారు” సంగతి. కొండవీటి చాంతాడు తీసుకోండి. కొండవీడు కొండ మీది కోట, అక్కడి బావులు లోతు, అందుకే తోడే తాడు పొడవు అంటారు. నమ్మేలాగే ఉంది, వాదన కుదురుగానే ఉంది. అయినా నాకు పాత రాతల్లో దీని ఆధారం దొరకలేదు కాబట్టి “చెప్పుకుంటారు” అనే వేశాను. “దొందూ దొందే” వెనక నత్తి ఉన్నవాళ్ల కథ చెప్తారు. మాట్లాడొద్దని పెద్దలు హెచ్చరించి పంపితే, ఒకడు నోరు జారాడని రెండోవాడు నోరు విప్పి ఇద్దరూ దొరికిపోతారు. ఆ కథ ఊరికో రకంగా ఉంటుంది. మాట ముందు పుట్టిందో, కథ ముందు పుట్టిందో ఎవరు చెప్పగలరు?

నాకు బాగా ఇష్టమైన చిక్కు వెలగపండుది. “సిరి తాఁ బోయిన బోవును కరి మ్రింగిన వెలగపండు కరణిని సుమతీ” అని బడిలో బట్టీ పట్టాం. కరి అంటే ఏనుగు, అది మింగిన వెలగపండు పెంకు చెక్కు చెదరకుండా బయటికి వస్తుంది, లోపల గుజ్జు మాత్రం ఉండదు అని మాస్టారు చెప్పారు. కాదు, ఇక్కడ కరి అంటే వెలగకాయను పట్టే పురుగు, బయటికి కాయ బాగానే కనిపిస్తుంది, లోపల డొల్ల అని ఇంకో వివరణ ఉంది. సంస్కృతంలోనూ “గజభుక్త కపిత్థం” అనే మాట ఉంది, అక్కడా ఇదే పేచీ. నేను రెండూ రాసి, పురుగు వైపు మొగ్గుతున్నానని చెప్పి, కింద “నా ఊహ” అని వేశాను. పుస్తకంలో ఎక్కువ ఫోన్లు వచ్చింది ఈ పేజీకే.

పనిముట్ల మాట. ఆంధ్రభారతి వారి నిఘంటు శోధనలో ఒక మాట కొడితే బ్రౌణ్య నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటివి ఒకేచోట కనిపిస్తాయి. కార్ పుస్తకం ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతుంది. ఇక పెద్దవాళ్లను అడిగేటప్పుడు “దీని అర్థం ఏమిటండీ” అనకండి. అలా అడిగితే బడిలో పాఠం ఒప్పజెప్పినట్టు చెప్తారు. “మీ అత్తగారు ఈ మాట ఎప్పుడు అనేవారు?” అని అడగండి. అసలు సరుకు అప్పుడు బయటికి వస్తుంది. ఫోన్లో రికార్డు చేసేముందు చెప్పి చేయండి. ఊరు, జిల్లా, తేదీ రాసుకోండి, పేరు వేయాలంటే అనుమతి అడగండి.

సామెత ఎవరి సొత్తూ కాదు. కానీ ఇంకొకరు దాన్ని వివరించిన వాక్యాలు వాళ్ల సొత్తే. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే వివరణలు ఏదో ఒక పుస్తకంలోంచి ఎత్తినవే అయి ఉంటాయి, జాగ్రత్త.

3. చేదు సామెతలు

కులాన్ని, ఆడవాళ్లను, అవయవలోపం ఉన్నవాళ్లను వెక్కిరించే సామెతలు మనకు కొల్లలు. పాత సంకలనాల్లో పేజీ తిప్పితే ఒకటి తగులుతుంది. పూర్తిగా తీసేస్తే చరిత్రకు తెల్లసున్నం వేసినట్టు, ఉన్నదున్నట్టు నవ్వులాటగా వేస్తే మళ్లీ అదే దెబ్బ కొట్టినట్టు. నేను పుట్టుక గురించి నిజంగా చెప్పాల్సింది ఉన్నవే ఉంచాను, ఎవరు ఎవరిని అన్న మాటో రాశాను. ప్రచారంలో మాత్రం వాటిని ఒక్కసారి కూడా వాడలేదు. వాట్సాప్ పోస్టు సందర్భాన్ని ఇంట్లో వదిలేసి ఒంటరిగా ఊరేగుతుంది మరి.

4. పేజీలు, అక్షరాలు, ప్రూఫులు

ఒక్కో మాటకు ఒక్కో పేజీ ఇస్తే చాలు. పైన మాట, కింద ఎప్పుడు వాడతారో రెండు వాక్యాలు, తర్వాత పుట్టుక, చివర గుర్తు. కొన్నిటికి మూడు పేజీలు పడుతుంది, కొన్నిటికి నాలుగు వాక్యాలే ఉంటాయి. సమానంగా ఉండాలని నీళ్లు కలపకండి.

డెమ్మీ (మామూలు తెలుగు పుస్తకం) సైజులో ఒక ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే 16 పేజీలు. 160 పేజీలైతే సరిగ్గా పది ఫారాలు. 163 అయిందంటే ఆ మూడు పేజీల కోసం ఇంకో అర ఫారమో, ఫారమో కట్టాలి. ముందుమాటలు రాసే పెద్దలకు ఈ లెక్క పట్టదు కాబట్టి మీరే కత్తెర పట్టుకోవాలి.

డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చే పని, చేసేవాళ్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, “అను” అనే పాత రకం ఫాంట్లు వాడేవాళ్లు ఉన్నారు. అచ్చు అందంగానే వస్తుంది. కానీ ఆ ఫైలులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఈబుక్‌కు పనికిరాదు, వెతికితే దొరకదు, రెండో ముద్రణకు వేరే చోటికి వెళ్తే మళ్లీ మొదటికి. యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగుగానే చదవగలిగే అక్షరాల పద్ధతి) చేయమని ముందే మాట తీసుకోండి. మండలి ఫాంటు ఉచితం, చదవడానికి హాయిగా ఉంటుంది. శీర్షికలకు రామభద్ర బాగుంటుంది. తెలుగుకు ఒత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి కాబట్టి వరుసల మధ్య జాగా ఇంగ్లీషు పుస్తకం కన్నా ఎక్కువ కావాలి. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్లయినా ఇవ్వండి. “రాష్ట్రం” కింద “కిటికీ” వచ్చే వరుస ఒకటి వెతికి, ఒత్తు గుడికి గుద్దుకుంటోందో లేదో కాగితం మీద చూడండి. తెర మీద తెలియదు.

ప్రూఫులు మూడుసార్లు. మూడోది సామెతల సంగతి తెలియని మనిషితో చదివించండి. తెలిసినవాళ్లు తప్పును కూడా కరెక్టుగానే చదివేస్తారు. అకారాది సూచిక అన్నిటికన్నా చివర తయారు చేయాలి. ఈ ఒక్క విషయంలో నేను నిండా మునిగాను. సూచిక అయ్యాక ఓ ఇద్దరి మాటలు చేర్చాలని రెండు పేజీలు ముందు దూర్చాం. డీటీపీ అబ్బాయి “ఏం కాదు సార్” అన్నాడు, నేనూ సరే అన్నాను. పుస్తకం చేతికొచ్చాక చూస్తే సూచికలో ప్రతి అంకె రెండు పేజీలు వెనక ఉంది. ఐదు వందల కాపీలకూ సవరణ చీటీ అంటించుకుంటూ సంక్రాంతి సెలవులు గడిపాను. ఇంటిల్లిపాదీ జిగురు వాసనే.

5. నంబరు, చట్టం కాపీలు

ఐఎస్‌బీఎన్ అనే పుస్తక గుర్తింపు నంబరును కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. ఆన్‌లైన్‌లో రచయితే స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. “ఐఎస్‌బీఎన్ ప్యాకేజీ” అని వేలు అడిగేవాళ్లకు దండం పెట్టి రండి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్‌కు వేరొకటి కావాలి. ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చేస్తే పాత నంబరే, మార్చి రాసి వేస్తే కొత్తది. నంబరు వచ్చేదాకా అట్ట అచ్చుకు పంపకండి, కాబట్టి నెల ముందే దరఖాస్తు పెట్టండి.

1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోపు ప్రచురణకర్త తన ఖర్చుతో కలకత్తాలోని నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురణకర్త మీరే. చాలామంది పంపరు. పంపండి, మీ తర్వాత కూడా పుస్తకం ఎక్కడో ఒకచోట ఉంటుంది. కాపీరైటు రాసిన క్షణం నుంచే మీది. నమోదు తప్పనిసరి కాదు.

వెనక పేజీలో ఇంటి చిరునామా, రోజూ వాడే ఫోన్ నంబరు వేయకండి. వేరే సిమ్ తీసుకోండి. రాత్రి పదకొండింటికి “మా ఊళ్లో ఆ సామెత అలా కాదండీ” అనే ఫోన్లు నిజంగా వస్తాయి.

6. ఎన్ని కాపీలు, ఎంత ధర

వెయ్యి వేస్తే కాపీ ఖర్చు తగ్గుతుందని ప్రెస్సువాళ్లు చెప్తారు. నిజమే. మంచం కింద కట్టల సంగతి వాళ్లు చెప్పరు. మొదటిసారి 300 నుంచి 500 చాలు. ఇంకా భయంగా ఉంటే పోతి, నోషన్ ప్రెస్ లాంటి ప్రింట్ ఆన్ డిమాండ్ సంస్థల్లో ఆర్డరు వచ్చినప్పుడే అచ్చు వేయించవచ్చు. కాపీ ఖర్చు ఎక్కువ, టెన్షన్ తక్కువ.

ధర లెక్క ఇలా వేసుకోండి. కాపీకి 70 రూపాయలు పడిందనుకుందాం. ధర 200 పెట్టారు. దుకాణానికి 40 శాతం కమిషన్ పోతే మీ చేతికి 120. అందులో 70 అచ్చు ఖర్చు పోతే 50, రవాణా పోతే ఇంకా తక్కువ. అదే ధర 120 పెడితే దుకాణానికి ఇచ్చాక మిగిలేది 72, అంటే రెండు రూపాయల లాభానికి ఏడాది తిరిగినట్టు. ధర అచ్చు ఖర్చుకు ఇంచుమించు మూడు రెట్లయినా ఉండాలి. అచ్చు పుస్తకాల అమ్మకం మీద జీఎస్టీ లేదు, అదొక్కటే ఊరట.

7. ప్రచారం

కథల పుస్తకాన్ని ప్రచారం చేయడం కష్టం, కథ చెప్పేస్తే అయిపోయింది. మన పుస్తకంలో ప్రతి పేజీ దానికదే ఒక ప్రకటన. నూటయాభైలో ముప్ఫై ఉచితంగా పంచినా పుస్తకం చెక్కు చెదరదు. అచ్చుకు రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

నేను చేసినదిదీ. సోమవారం ఒక ప్రశ్న: “చిల్లిగవ్వ లేదు అంటాం. గవ్వకు చిల్లి ఎందుకు?” జవాబు పెట్టను. బుధవారం దాకా జనం వాదించుకుంటారు. “గవ్వలు ఒకప్పుడు చిల్లర డబ్బు” అని ఒకరు, “చిల్లి పడితే చెల్లదు” అని ఒకరు, మధ్యలో ఎవరో ఒకరు గ్రహాంతరవాసుల దాకా వెళ్తారు. బుధవారం జవాబు, దానితో పాటు గుర్తు: పక్కానో, ఊహో. ఆ గుర్తే నాకు పేరు తెచ్చింది. “తెలియనిది తెలియదని చెప్తున్నాడు” అని ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారు తన గ్రూపులన్నిట్లో పంచారు. అంతకన్నా ప్రకటన ఏముంటుంది?

వాట్సాప్‌లో మీ పోస్టు తిరుగుతూ తిరుగుతూ పేరు ఊడిపోయి మీకే తిరిగొస్తుంది. పేరు కింద సంతకంలా పెడితే కత్తిరించేస్తారు. పుస్తకం పేరును వాక్యం మధ్యలో ఇమడ్చండి, బొమ్మ అయితే అక్షరాల మధ్యలో వేయండి. వీడియో నిమిషం దాటనివ్వకండి. చేతిలో వస్తువు ఉంటే మీ ముఖం కూడా అక్కర్లేదు. ఏకు, అణా, చాంతాడు చూపిస్తే చాలు.

తేదీలు చూసుకోండి. గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవం. ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం. ఆ రోజుల్లో పత్రికలకు, ఎఫ్‌ఎంలకు, బడులకు తెలుగు సరుకు కావాలి, వెతుక్కుంటారు. పదిహేను రోజుల ముందు మీరే ఫోన్ చేసి “పది సామెతలతో క్విజ్ నడుపుతాను, డబ్బులక్కర్లేదు” అనండి. బడిలో పిల్లలు కొనరు, కానీ ఆ సాయంత్రం ఇంట్లో నానమ్మను అడుగుతారు.

ఆవిష్కరణ సభ గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది. హాలు, శాలువాలు, మెమెంటోలు, ఆరుగురు వక్తలు, టీ, సమోసా. వక్తల్లో సగం మంది పుస్తకం వేదిక మీదే మొదటిసారి తిరగేస్తారు. వచ్చినవాళ్లు కాంప్లిమెంటరీ కాపీ కోసం చూస్తారు. ఆ డబ్బుతో ఇంకో వంద కాపీలు వేయవచ్చు. సరదా తీరాలంటే ఊళ్లో గ్రంథాలయంలో ఇరవైమందితో పెట్టి, మాట్లాడటం మానేసి అందరితో తలో సామెత చెప్పించండి. “మాకో కాపీ లేదా అన్నయ్యా” అనే చుట్టాలకు నవ్వుతూ క్యూఆర్ కోడ్ చూపించడం కూడా అలవాటు చేసుకోవాలి.

8. దుకాణం, సంత, పోస్టు

హైదరాబాదు కాచిగూడ నవోదయ, రెండు రాష్ట్రాల్లో విశాలాంధ్ర, నవచేతన, ప్రజాశక్తి లాంటి దుకాణాల్లో ముందు పది, ఇరవై కాపీలే ఇవ్వండి. చీటీ రాయించుకోండి. మూడు నెలలకోసారి వెళ్లి లెక్క చూడండి. మొహమాటపడితే డబ్బు రాదు. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, మామూలుగా డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరుగుతాయి. నలుగురు రచయితలు కలిసి ఒక స్టాల్ తీసుకుంటే అద్దె భారం పంచుకోవచ్చు. స్టాల్ ముందు పలక మీద రోజుకో సామెత సగం రాసి పెట్టండి. మిగతా సగం చెప్పడానికి జనం వాళ్లంతట వాళ్లే ఆగుతారు.

పోస్టులో పంపడానికి 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. డెమ్మీ సైజు 160 పేజీలు చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే, అంటే 70 జీఎస్‌ఎం కాగితం మీద వేస్తే అట్టతో కలిపి దాదాపు 190 గ్రాములు తూగుతుంది, కవరుతో కూడా 300 దాటదు. కాగితం ఎంచుకునేటప్పుడే ఈ తూకం చూసుకోండి. వ్యాపార తరహా ప్రచురణలకు, ప్రకటనలున్నవాటికి ఈ సేవ వర్తించదు, మీ పుస్తకం చెల్లుతుందో లేదో పోస్టాఫీసులో ఒక కాపీ చూపించి అడగండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇక్కడి నుంచి పంపితే పుస్తకం కన్నా పోస్టేజీ ఎక్కువవుతుంది. వాళ్లకు ఈబుక్కే దారి. ఏ వేదికైనా తెలుగు ఫైలు తీసుకుంటుందో లేదో ఖాతా తెరవకముందే చూసుకోండి. మనబడి లాంటి తరగతుల్లో తెలుగు చెప్పే తల్లిదండ్రులకు ఇలాంటి పుస్తకం బాగా అక్కరకొస్తుంది. తానా సభలకు వెళ్లే బంధువుల సూట్‌కేసులో ఐదు కాపీలు పట్టకపోవు, పచ్చళ్ల సీసాల పక్కన.

అచ్చయిన మొదటి రోజే ఒక కాపీ మీద మీ పేరు రాసుకుని పక్కన పెట్టండి. ఫోన్లో ఎవరు ఏ దిద్దుబాటు చెప్పినా, ఏ ఊళ్లో ఏ మాట మారినా ఆ పేజీ అంచున ఎర్ర పెన్నుతో రాయండి, తేదీతో సహా. దుకాణాలన్నిట్లో కలిపి యాభై మిగిలాయని తెలిసిన రోజున ఆ కాపీ పట్టుకుని ప్రెస్సుకు వెళ్లండి. అంతవరకు దాన్ని ఎవరికీ, ఎంత దగ్గరివాళ్లకైనా, అరువివ్వకండి.